పొఖరాలో నా తిరుపతి గుండు

ఆ రోజుల్లో నేను చెప్పిన కోతలకు అంతులేదు గానీ, ఇది మాత్రం అక్షరాలా నిజం. కావాలంటే ఏడుకొండలవైపు తిరిగి ప్రమాణం చేస్తాను. డెబ్బైల చివర, బి.ఇడి. పాసై పాకాలలో ఖాళీగా తిరుగుతున్నప్పుడు, ముక్తినాథ్ యాత్ర చేసొచ్చిన మా మేనమామ ఒక కబురు తెచ్చాడు. నేపాల్‌లో పొఖరా దగ్గర ఒక అనాథాశ్రమంలో పిల్లలకు చదువు చెప్పేవాళ్లు కావాలట. జీతం లేదు, తిండి పెడతారు. జీతం సంగతి నా చెవిన పడలేదు. పాస్‌పోర్టు అక్కరలేని ఫారిన్ కదా, ఊరంతా చాటుకున్నాను. మొక్కు ముందే చెల్లిస్తే దేవుడు మాట తప్పడని అమ్మ నన్ను కొండెక్కించి గుండు చేయించింది. (మా వైపు గుండును ఎవరూ తలతిప్పి చూడరు.) తెల్ల పంచె, తెల్ల చొక్కా, నున్నటి గుండుతో పొఖరాలో దిగాను.

అంతకుముందు మాస్టారిని వారంలో తరిమేసిన పిల్లలట. నన్ను చూడగానే లేచి నిలబడి, గుసగుసైనా లేకుండా కూర్చున్నారు. అంతా నా తేజస్సే అనుకున్నాను. ఒక్కటే ఇబ్బంది, వంటావిడ నాకు వడ్డించేదాంట్లో ఉప్పుండేది కాదు. ఆ దేశంలో ఉప్పుకు కరువేమోనని, గొడ్డుకారం తిని పెరిగిన నాలుకను బుజ్జగించుకుంటూ నాలుగు రోజులు మింగాను. ఐదో రోజు ఎనిమిదేళ్ల పాప ఒకతి నా పక్కన కూర్చుని, వచ్చీరాని హిందీలో మెల్లగా చెప్పింది. "ఏడుపొస్తే మేం గోశాల వెనక్కి పోతాం. నువ్వూ రావచ్చు."

వంటావిడను అడిగితే అప్పుడు తెలిసింది. అక్కడ తెల్లబట్టలూ గుండూ ఉన్నాయంటే తండ్రి పోయాడని అర్థం. ఉప్పులేని కూడు కర్మ చేసేవాడి కూడు. వాళ్లు నన్ను మాస్టారుగా కాదు, తమలో ఒకడిగా చేర్చుకున్నారు. సాయంత్రాలు గోశాల వెనక వరసగా కూర్చునేవాళ్లం. పొగమంచులోంచి మంచుకొండ ఒక్కటే తేలి వచ్చి, గులాబీరంగుకు తిరిగి, మళ్లీ ఎటో వెళ్లిపోయేది. నాకూ నిజంగానే ఏడుపొచ్చేది (సగం ఊరగాయ కోసం).

ఇంతలో నాయన ఉత్తరం వచ్చింది. "జుట్టు మొలిచిందా రా? ఆడ చలి జాస్తి అంట, తలకు తుండు చుట్టుకో. ఈడ మీయమ్మ నిన్నే తలుచుకుంటా ఉండాది." చదువుతుంటే ఆ పాప వచ్చి, ఎవరు రాశారని అడిగింది. నిజం చెబితే గోశాల వెనక నాకు చోటుండదు. అయినా గుండె దిటవు చేసుకుని, మా నాయనే, బతికే ఉన్నాడని చెప్పేశాను. అయితే మాక్కూడా రాయమను అంది పాప.

ప్రమాణం చేస్తానన్నాను కనుక ఒప్పుకోక తప్పదు. ఆ చివరి ముక్క నేను కల్పించిందే. నిజానికి ఆ రోజు, చిన్నాయన రాశాడని బొంకాను. "పోనీలే, చిన్నాయనైనా ఉన్నాడు కదా" అని నా చెయ్యి నిమిరింది ఆ పాప. జుట్టు మొలిచి, తిరిగొచ్చేదాకా నిజం చెప్పలేకపోయాను.

నిరుడు నాయన పోయాడు. గుండుతో బజారుకు పోతే శెట్టి నవ్వుతూ పలకరించాడు. "కొండకు పోయొచ్చినావా అప్పా? లడ్డు యాడ?" నేనూ నవ్వేశాను. మా ఇంటికి గోశాల లేదు. సాయంత్రం సైకిలు షెడ్డు వెనక్కి పోయి, పక్కన ఒకరికి చోటు వదిలి కూర్చున్నాను.