పాయ నీళ్ళకు పచ్చరంగు

నేను ఒక చెరువెడు చేపల్ని చంపాను. గేలం వెయ్యలేదు, వల వెయ్యలేదు. అందంగా కనబడాలని చంపాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వు రాదు.

రాజోలు దగ్గర నాకో చిన్న లేబ్ ఉంది. రొయ్యల రైతులు సీసాల్లో నీళ్ళు తెస్తే, అందులో ప్లాంక్టన్, అంటే కంటికానని నీటి మొక్కలు, ఎలా ఉందో మైక్రోస్కోపులో చూసి చెబుతాను. మా చిట్టి మావయ్య చెరువు రొయ్యలకు పనికిరాకుండా పోతే, అటవీశాఖవాళ్ళు తూము బార్లా తెరిచి మళ్ళీ గోదావరి పాయలో కలిపేశారు, మడచెట్లు నాటారు. చేపలూ పీతలూ తిరిగొచ్చాయి. వాటిమీదే మావయ్య బతుకుతున్నాడు. పక్కన పాడుబడ్డ అతని చెరువులు కూడా తెరిపించాలా వద్దా అని చూడ్డానికి ఆ శాఖ ఆఫీసర్లు వస్తామన్నారు. తెరిపిస్తే అతను మళ్ళీ మస్కట్ వెళ్ళి లారీ తోలక్కర్లేదు.

వాళ్ళు వచ్చేది కార్తీకంలో. ఎండాకాలం పచ్చగా ఉండే నీళ్ళు, గోదావరి వరద తీశాక టీ రంగుకు తిరుగుతాయి. అది ఆ కాలపు ప్లాంక్టన్ రంగు, చేపపిల్లలకు మంచి మేత. ఆ సంగతి మైక్రోస్కోపులో నేనే చూశాను. చూసి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

“ఇలా మురికిగా కనబడితే ఎలాగండీ మావయ్యా?”

“బానే ఉన్నాయి కదరా అల్లుడూ, పీతలు పడతన్నాయి.”

“ఆఫీసర్లు పీతల్ని అడుగుతారేంటండీ? రంగు చూస్తారు.”

“ఆయ్, సదువుకున్నోడివి. నీ ఇష్టం.”

ఆ నమ్మకం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నీళ్ళు పచ్చబడాలని బెల్లం, తవుడు పులియబెట్టి పోశాను. యూరియా చల్లాను. ఆటుకు రంగు కొట్టుకుపోతుందేమోనని తూము కూడా మూసేశాను. రొయ్యల చెరువు బుద్ధి మరి! చూస్తూండగానే నీళ్ళు గోంగూర పప్పులా తయారయ్యాయి. మురిసిపోయాను.

పగలు ఊపిరినిచ్చే ఆ పచ్చదనమే రాత్రి ఊపిరి లాగేసుకుంటుంది. రైతులకు నేను చెప్పే మొదటి పాఠం అదే. ఆఫీసర్లు వచ్చిన పొద్దున పండుగప్ప చేపలు తెల్లటి పొట్టలతో తేలుతున్నాయి. పీతలు గట్టుమీద, పెళ్ళివారి కోసం చూస్తున్నట్టు, వరసగా కూర్చున్నాయి.

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పెద్ద మేడమ్ గారన్నారు: “గ్రీనరీ మాత్రం చాలా బాగుందండీ!”

మావయ్య చేతులు కట్టుకుని, “ఆయ్, మా అల్లుడి చలవేనండి” అన్నాడు.

పక్క చెరువులు తెరుచుకోలేదు. మావయ్య మస్కట్ వెళ్ళిపోయాడు. ప్రతి కార్తీకంలోనూ ఫోన్ చేస్తాడు.

“నీళ్ళు ఏ రంగులో ఉన్నాయిరా?”

“టీ రంగండీ మావయ్యా.”

“మంచిది. నువ్వు అటేపు ఎల్లకు.”

అందుకని మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ నీటి రంగూ మార్చను. మా ఆవిడ పాలు పోయడం మరిచిపోయి టీ ఇచ్చినా సరే, గ్లాసుకు దణ్ణం పెట్టి అలాగే తాగుతాను.