ఆరు పూటల చేప

పెద్దిరాజు ఏ ఇంటికి వెళ్లినా చేపను ముందు ట్యాంకు అద్దంలోంచి చూడడు. స్టూలు వేసుకుని, లైటు పక్కకు జరిపి, పంపు ఆపి, నీళ్లు నిలకడగా నిలిచాక పైనించి చూస్తాడు. పక్కనించి చూస్తే రంగులే కనబడతాయి. పైనించి చూస్తే తల వెనక వీపు ఎంత లావుందో తెలుస్తుంది. చేప తింటోందా, మాడుతోందా అన్న సంగతి బయటపడేది అక్కడే.

నవంబరు రెండో శనివారం మయూర్ విహార్‌లో శ్రీవల్లి ఫ్లాట్‌కి వెళ్లినప్పుడూ అలాగే చేశాడు. బయటి పొగకి భయపడి ఆ ఇంట్లో కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. గాలి పంపుకు పెట్టిన దూది వారం తిరక్కుండానే బొగ్గులా నల్లబడింది. అది మార్చి, నీళ్లలో ఉప్పు కొలిచి, స్టూలెక్కాడు. అడుగున రాయి పక్కన మాండరిన్ చేప చిన్న చిన్న గెంతులు వేస్తూ ఇసకలో ఏదో వెతుక్కుంటోంది. వేలెడంత చేప. నీలం మీద నారింజరంగు మెలికలు. అద్దంలోంచి చూస్తే పెళ్లికి ముస్తాబైనట్టు ఉంది. పైనించి చూస్తే తల ఒక్కటే చేపది, మిగతాదంతా చాకురేకు.

పెద్దిరాజు స్టూలు మీదే ఉండి, రోజుకి ఎన్నిసార్లు మేత వేస్తున్నారని అడిగాడు.

శ్రీవల్లి సోఫాలో కూర్చుని లాప్‌టాప్‌లో పని చేసుకుంటోంది. పుట్టింది ఢిల్లీలోనే, తల్లిదండ్రులు కాకినాడ వాళ్లు. ముప్పై అయిదేళ్లుంటాయి, ఒంటరిగా ఉంటుంది. రెండుసార్లు వేస్తున్నానని చెప్పింది. ఆఫీసు వాళ్లు వేసవి నించీ రోజూ రమ్మంటున్నారు, పొద్దున ఎనిమిదికి మెట్రో ఎక్కితే మళ్లీ రాత్రి ఎనిమిదికే. వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి.

"బాగానే ఉంది కదా అంకుల్? కలర్ చూడండి, ఏక్‌దమ్ వైసా హీ, అచ్చం అప్పటిలాగే."

"రంగు చచ్చేదాకా ఉంటుందండి," అన్నాడు పెద్దిరాజు.

ఆమె లాప్‌టాప్ మూసింది.

*

పెద్దిరాజుది రాజోలు దగ్గర ఊరు. పదిహేనేళ్లు నేవీలో ఇంజన్ రూమ్ మెకానిక్‌. ఆఖరి పోస్టింగు ఢిల్లీ. ధౌలా కువాన్ దగ్గరి క్వార్టర్లలో ఒక కమాండర్ గారింట్లో ఉప్పునీటి ట్యాంకు పంపు చెడిపోతే ఇతన్ని పిలిచారు. పంపు పదినిమిషాల్లో బాగైంది. కానీ ఆ చేపలు అప్పటికే నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉండటం చూసి, అవి మళ్లీ కిందికి దిగేదాకా సాయంత్రం వరకు అక్కడే నిలబడ్డాడు. పని అలా పట్టుకుంది. ఎవరూ నేర్పలేదు. రిటైరయ్యాక భార్య కాంతమ్మ మిషను కుట్టే గదిలోనే ఒక మూల నీలం డ్రమ్ములు పెట్టాడు. ఆర్వో నీళ్లు పట్టి, పాకెట్ ఉప్పు కలిపి, రాత్రంతా తిప్పి, సముద్రాన్ని తయారు చేసేవాడు. సముద్రం ఎటు వెళ్లినా ఒక రోజు దూరంలో ఉన్న ఊళ్లో, అతని డ్రమ్ములో నీరు ఏ రోజూ తేడా రాలేదు.

అతనికో పద్ధతి ఉంది. ఏ చేపనీ షాపులోంచి నేరుగా ఇంటికి చేర్చడు. ముందు తన డ్రమ్ములో పెట్టుకుంటాడు. తన కళ్లముందు మూడు రోజులు వరసగా తింటేనే ఇస్తాడు. ఈ పద్ధతి వల్లే ఘజియాబాద్ నించి గురుగ్రామ్ దాకా అతని మాటకి విలువ.

మాండరిన్‌ని మాత్రం చాలామంది వదిలేశారు. దాని నోరు సూదిబెజ్జమంత. సముద్రంలో రాళ్ల మీద పాకే నలుసంత ప్రాణుల్ని పొద్దస్తమానం ఏరుకుని తింటుంది. దుకాణంలో దొరికే మేత దాని లెక్కలో మేతే కాదు. దానికి కడుపు నిండటం అంటూ ఉండదు, నాలుగు గింజలు తిని మళ్లీ వెతుక్కోవాలి. కొన్నవాళ్ల ఇళ్లలో మూడు నెలలు తిరిగి, ఒకరోజు కనబడకుండా పోతుంది. పెద్దిరాజుకి అది పంతమైంది. సోడా సీసాలు తలకిందులు చేసి అందులో రొయ్యగుడ్లు పొదిగించాడు. చేపని వలగుడ్డ చుట్టిన గాజు జాడీలో ఉంచి, ముందు బతికున్న రొయ్యపిల్లలు వదిలాడు. తరవాత చచ్చినవి కొన్ని కలిపాడు. రోజురోజుకీ చచ్చినవి పెంచాడు. అయిదో వారంలో డ్రాపర్ కొస నించి, చచ్చిన రొయ్యపిల్లని, ఆ చేప టక్కున లాక్కుంది. అతను కాంతమ్మని కేకేసి చూపించాడు.

ఆ చేపే శ్రీవల్లి ఇంట్లోది. అప్పుడు ఆమెకి ఇంటినించే పని. డ్రాపర్‌తో తినిపిస్తూ వీడియో తీసి పెట్టింది. దాన్ని చూసి ఇంకొకరు, వారిని చూసి మరొకరు అడిగారు. లక్ష్మీనగర్‌లో చేపల షాపు నడిపే నిరంజన్ గోడకి కాగితం అంటించాడు: పెద్దిరాజు గారు మేత నేర్పిన మాండరిన్ దొరుకును. రెండేళ్లలో మరో ఎనిమిది చేపలు ఆ గాజు జాడీలోంచి ఎనిమిది ఇళ్లకి వెళ్లాయి. ఎవరూ చచ్చిపోయిందని చెప్పలేదు. ఎప్పుడడిగినా ఒకటే మాట, రాళ్ల వెనక దాక్కుంటోంది, ఈ మధ్య బయటికి రావట్లేదు.

*

పెద్దిరాజు శ్రీవల్లి చేపని తనింటికి తీసుకెళతానన్నాడు. ఆమె ఒప్పుకుంది. ఎప్పుడు తిరిగి తెస్తారని లిఫ్టు దాకా వచ్చి అడిగింది. చూద్దామండి అన్నాడు.

ఆ వారం రోజూ పనికెళ్లినప్పుడల్లా, మాండరిన్ ఇచ్చిన ఇంటికి కూడా వెళ్లాడు. వద్దన్నా వినకుండా, చొక్కా చేతులు భుజం దాకా మడిచి, రాళ్లు ఒక్కొక్కటే తీసి బకెట్లో పెట్టి చూశాడు. మొదటి ఇంట్లో లేదు. రెండో ఇంట్లో లేదు. ఇంత చిన్న చేప పోతే పీతలూ పురుగులూ ఒక్క రాత్రిలో మిగల్చకుండా తినేస్తాయి, ఎవరికీ శవం కనబడదు. గ్రేటర్ నోయిడాలో ఒక లెక్చరర్ దంపతులు, అతను రాళ్లు తీసినంతసేపూ పక్కనే నిలబడి, ఉండాలే, ఉండాలే అంటూనే ఉన్నారు. ట్యాంకు అడుగు ఖాళీగా తేలాక ఆవిడ, మేం రోజూ గుడ్‌నైట్ చెప్పేవాళ్లం అంది. ఎనిమిదిళ్లూ అయ్యాయి. ఎనిమిదింటిలోనూ లేదు.

ఇంట్లో శ్రీవల్లి చేప జాడీలో ఉంది. కాంతమ్మ మిషను తొక్కుతూ మధ్యలో లేచి, డ్రాపర్‌తో నాలుగు బొట్లు వేసి, మళ్లీ వచ్చి కూర్చుంటోంది. చేప తింటోంది. కానీ తిన్నది ఒంటికి పట్టే స్థితి దాటిపోయింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం జాడీ అడుగున ఒక పక్కకి ఒరిగింది. రంగులన్నీ అలాగే ఉన్నాయి.

పెద్దిరాజు జాడీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదన్నాడు. ఉప్పు సరిగ్గా ఉంది, వేడి సరిగ్గా ఉంది, మేత తినడం నేర్పాను, మూడు రోజులు నా కళ్లముందు తిన్నాకే ఇచ్చాను.

కాంతమ్మ దారం కొరికి పక్కన పెట్టింది.

"మీరు నేర్పారండీ. తినిపించింది నేను."

అతను తలెత్తాడు.

"మీరు పొద్దున్న స్కూటరెక్కితే సాయంత్రానికి కదా రావటం. పది గంటలకో పూట, పన్నెండుకో పూట, జాకెట్టు చేతులు అతికించాకోటి, కాజాలు కుట్టాకోటి. ఆరు పూటలు. ఒక్కపూట మానితే వీపు దిగిపోయేది, నాకు తెలిసేది. ఆ శ్రీవల్లి కూడా అప్పుడు ఇంట్లో ఉంది కాబట్టి బతికింది. మిగతా వాళ్లిళ్లకి పగలు తాళం కాదేంటి?"

"మరి చెప్పలేదేం?"

"మీరు చేపని పరీక్ష చేసేవారు. నన్నడిగిందెప్పుడు?"

పెద్దిరాజు ఇంజన్ రూమ్‌లో పదిహేనేళ్లు పనిచేసినవాడు, యంత్రాన్ని బిగించాక ఎవరు నడుపుతారో అడక్కుండా ఏనాడూ అప్పజెప్పలేదు. ఇక్కడ అడగలేదు. అతను నేర్పాడన్న ఒక్క మాట లేకపోతే ఆ ఎనిమిది ఇళ్లవాళ్లూ ఆ చేప జోలికే వెళ్లేవాళ్లు కాదు. చేత కాని పనివాడైతే ఎనిమిది చేపలు సముద్రంలోనే ఉండేవి.

శ్రీవల్లికి ఫోన్ చేసి చచ్చిపోయిందని చెప్పాడు. రాళ్ల వెనక అని అనలేదు. ఆమె, నిరంజన్ భయ్యా షాపుకి కొత్తవి వస్తున్నాయట, ఇంకోటి నేర్పి ఇస్తారా అని అడిగింది. ఈసారి మధ్యాహ్నం పనిమనిషితో వేయిస్తానంది.

"ఇవ్వనండి," అన్నాడు పెద్దిరాజు. "మీకే కాదు, ఎవరికీ ఇవ్వను. మీరు మంచివారే. మీ ఇంట్లో దానికి పగలు లేదండి."

*

మర్నాడు షాపుకెళ్లి కాగితం చింపెయ్యమన్నాడు. నిరంజన్‌ది హనుమకొండ. పదేళ్లుగా ఎరిగినవాడు. కాగితం చింపడానికి అభ్యంతరం లేదన్నాడు గానీ, చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్లాడు. థర్మోకోల్ పెట్టెలో పదకొండు సంచులు. ఒక్కో సంచిలో ఒక్కో మాండరిన్.

"నీ పేరు మీదనే తెప్పిచ్చిన అన్నా. పద్నాలుగు బయల్దేరితే మూడు తొవ్వలనే పోయినయి. నువ్వు నేర్పనంటే నేర్పకు. ఇవి ఈడికైతే వచ్చినయి. ఏం జెయ్యమంటవ్ చెప్పు, యమునల ఇడ్వాల్నా?"

మంచినీటిలో వదిలితే గంటలో చస్తాయి. వెనక్కి పంపితే దారిలో చస్తాయి. ఇక్కడుంటే అమ్ముడవుతాయి. పెద్దిరాజు బయటికొచ్చి కాంతమ్మకి ఫోన్ చేశాడు. అమ్మటానికి కాదు, ఉన్నన్నాళ్లు మనింట్లోనే ఉంచుకోవాలంటే ఎన్నిటికి చెయ్యగలవని అడిగాడు. అవతల మిషను ఆగింది. ఆరు పూటలు, ఎన్ని చేపలకి, ఎన్నేళ్లు అని ఆమె లెక్క వేసుకుంటున్నట్టుంది. ఈ చేపలుంటే కూతురు తేజశ్రీ దగ్గరికి పుణె వెళ్లి నాలుగు రోజులుండటం కుదరదు. అది ఇద్దరికీ తెలుసు.

"నాలుగు," అంది కాంతమ్మ. "అయిదోది తేవద్దు. అప్పుడు నాలుగూ పోతాయి."

అతను లోపలికెళ్లి ఒక్కో సంచీ మూతి విప్పి పైనించి చూశాడు. బాగా చిక్కినవి అయిదు. వాటినే తీసుకెళ్లాలనిపించింది. అవి కాంతమ్మ చేతిలో కూడా నిలవవని అతనికి తెలుసు. వీపు నిండుగా ఉన్నవి నాలుగు ఏరి పక్కన పెట్టాడు. ఎవరింట్లోనైనా ఆర్నెల్లు లాగగలిగినవి కూడా అవే. నిరంజన్ ఆ నాలుగు సంచుల్లో సిలిండర్ నించి ఆక్సిజన్ కొట్టి, రబ్బరు బ్యాండు బిగించి ఇచ్చాడు. మిగిలిన ఏడింటిని ముందు గదిలో అద్దాల ట్యాంకులోకి వదిలాడు.

దుకాణంలో అప్పుడే ఒక జంట వచ్చి నిలబడ్డారు. ట్యాంకులో ఏడు నీలాలు గెంతుతుంటే ఆవిడ అద్దానికి మొహం ఆనించింది. పెద్దిరాజు సంచులు కింద పెట్టి వాళ్ల దగ్గరికెళ్లాడు. ఇవి తినవు, తిన్నా రోజుకి ఆరుసార్లు పెట్టాలి, మీ ఇంట్లో పగలు ఎవరుంటారని హిందీలో అడిగాడు. ఇద్దరం ఉద్యోగాలే అన్నాడు భర్త. అయితే మూడు నెలల్లో చస్తుంది, మీకు కనబడకుండా చస్తుంది అని చెప్పాడు. నిరంజన్ కౌంటర్ మీది తడి తుడుస్తూ ఉండిపోయాడు. ఆవిడ, అచ్ఛా, అంది. ఎంతో మర్యాదగా, శ్రద్ధగా విన్నారు ఇద్దరూ.

పెద్దిరాజు బయటికొచ్చి నాలుగు సంచులనీ స్కూటర్ ముందు గోనెపట్టా పరిచి సర్దాడు. చలికి నీళ్లు చల్లబడకుండా తన స్వెటర్ విప్పి పైన కప్పాడు. తాళంచెవి తిప్పబోతుంటే, లోపల సిలిండర్ మీట తిప్పిన చప్పుడూ, ఒక సంచి గాలితో ఉబ్బుతున్న చప్పుడూ వినబడ్డాయి.