డేటు దొరకని వందేళ్ళు

తాడేపల్లిగూడెంలో నేను సోషల్ చెప్పిన స్కూల్లో వరండా గోడకి ఒక నల్లబల్ల ఉండేది. రోజూ ప్రార్థన గంటకి ముందు దాని మీద ‘ఈ రోజు విశేషం’ రాయడం నా పని. ప్రపంచ చరిత్ర నుంచి ఒకటి, సంగీతం నుంచి ఒకటి. సంగీతం ఎందుకని హెడ్మాస్టరుగారు ఒకసారి అడిగారు. మా నాన్న హార్మోనియం వాయిస్తారండీ అన్నాను. అదేం జవాబో ఆయనకి అర్థం కాలేదు గానీ, వద్దని మాత్రం అనలేదు.

పిల్లలు చదివేవారని చెప్పను. పదిన్నర అయ్యేసరికి ఎవరో ఒకరు నా రాతంతా తుడిచేసి ‘సైకిళ్ళు ఇక్కడ పెట్టరాదు’ అని రాసేవారు. బాస్టిల్ జైలు కూలినా, చంద్రుడి మీద మనిషి కాలు పెట్టినా, మా స్కూల్లో సైకిళ్ళ తర్వాతే. నాకు ఒళ్ళు మండేది. మర్నాడు మళ్ళీ రాసేదాన్ని.

తారీకులంటే నాకు గౌరవం. జూలై పద్నాలుగు ఎవరికి ఖాళీ ఉన్నా లేకపోయినా దాని రోజున అది వచ్చి తీరుతుంది. అంత పట్టుదల మనుషుల్లో చూడలేదు. ఆ గౌరవం మా ఊరి చర్చి సంఘానికి మాత్రం ఏ కోశానా లేదని రెండు వేల అయిదులో తెలిసింది.

మాది కొల్లేరు లోపలి ఊరు. దొరలు కట్టించిన చిన్న చర్చి ఉంది. దాన్ని ప్రతిష్ఠించిన రోజునే, కాళ్ళతో తొక్కే హార్మోనియం ఒకటి పడవలో వచ్చి అందులో దిగింది. ఆ తారీకు గోడలోని రాతి మీద చెక్కి ఉంది: డిసెంబరు అయిదు. వియన్నాలో ఒక మహా సంగీతకారుడు ముప్పై అయిదేళ్ళకే కన్నుమూసింది కూడా ఆ తారీకునే కాబట్టి నేను మరిచిపోయే వీలే లేదు. ఆ ఏటితో మా చర్చికీ, హార్మోనియానికీ వందేళ్ళు నిండుతున్నాయి.

నాన్న చేపల చెరువుల్లో మేత కట్టేవారు. తవుడు నింపిన సంచులకి చిల్లులు పెట్టి, పడవ మీద తిరుగుతూ, నీళ్ళలో పాతిన గెడలకి వాటిని కట్టడం ఆ పని. ఆదివారం మాత్రం చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, తెల్ల చొక్కా వేసుకుని ఆ పెట్టె ముందు కూర్చునేవారు. ఎన్నో ఏళ్ళుగా ఆయన తప్ప దాన్ని వాయించినవాళ్ళు లేరు. దాని మెట్లలో ఒకటి మూగది. అది మధ్యలో అడ్డం వచ్చినా పాట కుంటుపడకుండా ఎలా దాటించేవారో నాకు ఇప్పటికీ తెలియదు. వందేళ్ళ రోజున సంఘమంతా నిలబడి పాడుతుంటే తను వాయించాలని ఆయన కోరిక. జీవితంలో ఇది కావాలి అని నోరు తెరిచి అడగని మనిషి, ఆ మాట మాత్రం నాతో రెండుసార్లు అన్నారు.

సంఘ పెద్దని నేను చిన్నప్పటినుంచీ బాబాయిగారూ అనే పిలుస్తాను. చెడ్డవాడు కాదు. ఊళ్ళోకి వచ్చే రోడ్డు ఏటా మునుగుతుంది. ఏలూరు నుంచి ఒక పెద్ద నాయకుణ్ణి ముఖ్య అతిథిగా పిలిస్తే, ఆ వేదిక మీదే రోడ్డు సంగతి అడగొచ్చని ఆయన ఆలోచన. నాయకుడు సరేనన్నాడు గానీ అయిదో తారీకున కుదరదని, పదిహేడున వస్తానని కబురు పెట్టాడు. అది వినగానే నేను పాసింజరు ఎక్కి ఏలూరులో దిగి, ఆటో పట్టుకుని ఊరికి వెళ్ళాను.

“వందేళ్ళు నిండేది అయిదునండీ, బాబాయిగారూ. పదిహేడున కాదు,” అన్నాను.

“తారీకుదేముంది అమ్మాయ్! నిండిన వందేళ్ళు ఎక్కడికీ పోవు కదా. ముందు ఆయన డేటు దొరకాలి,” అన్నారాయన నవ్వుతూ.

నాన్న పక్కనే ఉండి, పెద్దాళ్ళు ఆలోచించే చేస్తారులే అని నన్ను ఇంటికి తీసుకొచ్చేశారు. ఆయన మీద కూడా నాకు కోపం వచ్చింది.

పదిహేడున మొదటి విమానం గాల్లోకి లేచిన రోజని బల్ల మీద రాశాను. మా నాయకుడు మాత్రం హైదరాబాదు నుంచి లేవలేదు. క్రిస్మస్ అయింది, కొత్త సంవత్సరం అయింది. తర్వాత దొరికిన డేటు జనవరి ఇరవై ఏడు. ఆ వియన్నా సంగీతకారుడు పుట్టి సరిగ్గా రెండు వందల యాభై ఏళ్ళు నిండిన రోజది. ప్రపంచంలో ఎన్ని ఊళ్ళు ఆ రోజున కచేరీలు పెట్టుకున్నాయో! ఏ మంత్రిగారికి వీలు కాలేదనో వాళ్ళు మార్చుకున్నట్టు నేనెక్కడా చదవలేదు. మా ఊళ్ళో షామియానా గుంజలు పాతాక ఫోను వచ్చింది, రావడం లేదని. గుంజలు పీకేశారు.

ఫిబ్రవరిలో నాన్నకి పక్షవాతం వచ్చింది. ఏలూరు ఆసుపత్రిలో ఉంచితే చేతులు నిలబడ్డాయి గానీ కుడి కాలు స్వాధీనంలోకి రాలేదు. చేతులు వాయించగలవు, కాళ్ళు తొక్కలేవు. ఇంటికి వచ్చిన వారానికి, నువ్వు తొక్కుతావా అమ్మా, నేను వాయిస్తాను అన్నారు. సెలవు రోజుల్లో వెళ్ళి నేర్చుకున్నాను. ఇద్దరం ఒకే బల్ల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. సంఘం మీద ఉన్న కసంతా కాళ్ళలోకి వచ్చి నేను గట్టిగా తొక్కేసేదాన్ని. పెట్టె అరిచేది.

“కోపం దాని మీద చూపించకమ్మా. నిదానంగా గాలి పొయ్యి,” అనేవారు.

చివరికి ఏప్రిల్ పదిహేను అన్నారు. గుడ్ ఫ్రైడేకీ ఈస్టరుకీ మధ్య శనివారం. ఏ సంఘమూ పండుగ చేసుకోని రోజు. పాస్టరుగారు నసిగారు గానీ, నాయకుడికి ఖాళీ ఉన్నది ఆ రోజే కాబట్టి అందరూ ఒప్పుకున్నారు. టైటానిక్ ఓడ మునిగిన రోజది. ఓడ మునుగుతున్నా అందులోని వాద్యగాళ్ళు చివరిదాకా వాయిస్తూనే ఉన్నారని చెబుతారు. ఆ రోజు నేను ఊళ్ళో ఉంటాను కదా, ముందు రోజే బల్ల మీద రాసిపెడదామంటే గుడ్ ఫ్రైడే సెలవు.

ఆ వేసవిలో, సరస్సుని ఆక్రమించి తవ్వినవని, కొల్లేరులోని చేపల చెరువుల గట్లని సర్కారువాళ్ళు తెంచుతున్నారు. సరస్సు సరస్సుగా ఉండాలన్నది న్యాయమేనని క్లాసులో చెప్పేదాన్ని నేనే. కానీ తెగిన గట్ల మీద కూర్చున్నవాళ్ళ ముఖాలు చూశాక ఆ పాఠం చెప్పబుద్ధి అయ్యేది కాదు. ఊరంతా కోపంగా ఉంది. అలాంటి ఊరికి ఓట్లు అడిగే మనిషి వస్తాడని బాబాయిగారు ఎలా నమ్మారో!

పొద్దున పదింటికల్లా షామియానా నిండింది. హార్మోనియాన్ని బయటికి మోసుకొచ్చి, దండ వేసి పెట్టారు. నాన్న తెల్ల చొక్కాతో ముందు వరసలో కూర్చున్నారు. మొదలుపెడదామా అని ఎవరు అడిగినా బాబాయిగారిది ఒకటే మాట, ఆయన వచ్చాక. మజ్జిగ అయిపోయింది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాటాక, పరిస్థితులు బాగోలేదని, మరో రోజు చూద్దామని కబురు వచ్చింది. జనం లేచి వెళ్ళిపోతున్నారు.

“ఒక్క పాట వాయించమంటారా అండీ?” అని అడిగారు నాన్న.

“ఇప్పుడే వాయించేస్తే ఆ రోజుకి ఏం మిగులుతుందండీ? ఆయన వచ్చాక వాయిద్దురు గాని,” అన్నారు బాబాయిగారు.

“అలాగేనండీ,” అని నాన్న కర్ర అందుకున్నారు. నేను అరుద్దామనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని లేచారు, అందుకని అరవలేదు.

నాన్న ఆ వానాకాలంలోనే పోయారు. ఆ ఒక్క తారీకుని మాత్రం సంఘం ఎవరి వీలుని బట్టీ వాయిదా వేయలేకపోయింది.

వందేళ్ళ పండుగ ఆ మరుసటి ఏడాది జరిగింది, నూటొకటి నిండిన తర్వాత. పాటలకి ఏలూరు నుంచి కీబోర్డు తెప్పించారు. చర్చి చరిత్ర చెప్పడానికి నన్ను పిలిచారు, తారీకులు బాగా తెలిసినదాన్నని. చెప్పి, దండ వేసిన హార్మోనియం పక్కన నిలబడ్డాను. నాయకుడు వచ్చాడు. ఫొటో కోసం దాని ముందు కూర్చుని ఒక మెట్టు నొక్కాడు. మోగలేదు. ఇంకోటి నొక్కాడు. జనం అప్పటికే చప్పట్లు కొడుతున్నారు.

బాబాయిగారు నా పక్కకి వచ్చి మెల్లిగా, కాస్త తొక్కు అమ్మాయ్, పరువు పోతుంది అన్నారు.

“నాన్న వచ్చాక తొక్కుతానండీ, బాబాయిగారూ,” అన్నాను.

ఫొటో మాత్రం బాగానే వచ్చిందట.