పసుపు పూసిన బ్యాకప్

పది రోజులు నేను మన వాట్సాప్ గ్రూపులో నోరు విప్పలేదు. మీలో ఒక్కడన్నా ‘సుబ్బా, ఏందిరా, బాగుండావా’ అని అడిగినారా? అడగలా. పైగా మన మాలకొండయ్య ‘ఈ మధ్య గ్రూపు ప్రశాంతంగా ఉండాది’ అని పెట్టినాడు. దానికి మీరందరూ దణ్ణం బొమ్మలు పెట్టినారు. అన్నీ చూసినాలే. సరే, టీ తాగతా ఈ వాయిస్ వినండి. తప్పు ఎవరిదో మీరే తేల్చండి. నాదైతే కాదు, ముందే చెప్తా ఉండా.

మా చెల్లెలు సరోజ ఉదయగిరిలో ఉంటాది గదా. దాని కూతురు బుజ్జికి మొన్న పెళ్ళి. పెళ్ళికి పన్నెండు రోజుల ముందు సరోజ ఫోన్ చేసింది. ‘అన్నా, అమ్మ పాడిన నలుగు పాట నీ కాడ ఉండాది గదా. బుజ్జిని పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు అది పెడదాం’ అనింది. మా అమ్మ పోయి మూడేళ్ళు. మా ఇళ్ళల్లో ఏ ఆడపిల్లకు నలుగు పెట్టినా ఆమే పాడేది. అవ్వ కాడ నేర్చుకున్న పాట అది. సరోజకి మొదటి రెండు చరణాలు వచ్చు, ఆ తర్వాత అంతా రాగమే. పూర్తి పాట ఈ భూమ్మీద ఒక్క చోటే ఉండాది. అమ్మ పోయే ముందు ఏడాది నేను ఫోన్లో రికార్డు చేసినానే, అది.

‘దిగులు పడబాక, బ్యాకప్ ఉండాది’ అన్నా నేను.

మీకు తెలుసు గదా, బ్యాకప్ గురించి ఆత్మకూరులో నా అంత చెప్పినోడు లేడు. నా కొట్లో ఎరువులు కొనేదానికి వచ్చిన రైతుకి కూడా చెప్పి పంపిస్తా. ఫోన్లో ఉండే పాటలు, మాటలు, వాట్సాప్ వాయిస్‌లు మొత్తం ఆ అరచెయ్యంత నల్ల డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టినా. ఆ ధైర్యంతోనే పాత ఫోన్ ఎక్స్‌చేంజీలో ఇచ్చేసినా.

డ్రైవ్ తీసి కొట్లో కంప్యూటర్‌కి తగిలించినా. లైటు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. ఈ డ్రైవ్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని అడిగింది కంప్యూటర్. అంత మర్యాదగా అడిగితే ఎట్ట కాదంటాం? బాగు చేస్తాదేమో అనుకుని యెస్ నొక్కినా. సగం దూరం పోయి అది కూడా ఆగిపోయింది.

ఇంక నాకు ఎట్టుంటాది? ఇంట్లోకి పోయి నా డ్రైవ్ ఎవరు ముట్టుకున్నారని గట్టిగా అడిగినా. ఇంట్లో ఉండేది నేనూ, మా ఆవిడ వసంతా. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తా నా మొహం చూసి, మళ్ళీ చిక్కుడుకాయలు చూసుకునింది. దాంతో ఈమే చేసిందని ఖాయం చేసుకున్నా. డ్రైవ్ కంపెనీవాణ్ణి తిట్టినా, కరెంటోళ్ళని తిట్టినా. అన్నీ అయినాక బస్టాండు పక్కన మస్తాన్ భాయ్ కాడికి పోయినా.

మస్తాన్ భాయ్ నాకంటే పెద్దోడు. రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తా ఉండాడు. ఆడ కూడా నేను ఊరుకోలా, ఇప్పటి వస్తువులు ఎంత నాసిగా ఉంటా ఉండాయో పావుగంట చెప్పినా. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని డ్రైవ్‌కి వైరు తగిలించే బొక్కలోకి చూసినాడు. టూత్‌పిక్‌తో గీకినాడు. వచ్చిన పొడి వేలి మీద వేసుకుని నాకు చూపించినాడు.

‘సుబ్బారెడ్డీ, దీనికి పసుపు ఎవరయ్యా పూసింది?’

అప్పుడు గుర్తొచ్చింది నాకు. దసరా. ఆయుధ పూజ. కొట్లో కాటా, మందు కొట్టే మిషను, బండి, కంప్యూటర్, ప్రింటర్, అన్నీ వరసగా పెట్టి పసుపు రాసి బొట్లు పెట్టినా. అమ్మ పాట ఉండే వస్తువు గదా అని ఈ డ్రైవ్‌ని ఇంట్లోంచి తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టినా. ‘కరెంటు వస్తువుకి తడి పసుపు ఏందయ్యా’ అని వసంత ఆ రోజే అనింది. అది కూడా పనిముట్టే అని నేనే ఆమె నోరు మూయించినా. మూడు బొట్లలో మధ్య బొట్టు సరిగ్గా ఆ బొక్క మీద పడినట్టుండాది. దాని ముందరే టెంకాయ కొట్టినా. నీళ్ళు చిందినాయి. పైపైన తుడిచి, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టి బీరువాలో పెట్టినా. నాలుగు నెలలు లోపలే నానింది.

నేను ఒప్పుకుంటానా? మా కాటాకి ముప్పై ఏళ్ళుగా పసుపు రాస్తా ఉండాం, ఒక్క రోజన్నా తూకం తప్పిందా అని అడిగినా. దసరా చేసుకునే దేశంలో అమ్మే వస్తువుకి ఆ బొక్క మీద ఒక మూత పెట్టొద్దా? మస్తాన్ భాయ్ అంతా విని, ‘సరే, మరి ఫార్మాట్‌కి యెస్ కొట్టింది ఎవరు’ అన్నాడు. కంప్యూటరే అడిగిందని చెప్పినా. ఆయన డ్రైవ్ పక్కన పెట్టి, నాలుగు రోజులకి రమ్మన్నాడు. వస్తాదని మాటియ్యలేనన్నాడు.

ఆ నాలుగు రోజుల్లో సరోజ మూడుసార్లు ఫోన్ చేసింది. బుజ్జికి కూడా చెప్పేసిందంట, అమ్మమ్మ పాటతోనే నలుగు పెడతామని. మూడుసార్లూ ‘ఆ, ఉండాది ఉండాది’ అన్నా.

అయిదో రోజు పోతే మస్తాన్ భాయ్ డ్రైవ్ విప్పి కడిగి, బోర్డు మార్చి, చాలావరకు బయటికి లాగినాడు. కానీ నేను నొక్కిన యెస్ పుణ్యాన ఫైళ్ళ పేర్లన్నీ పోయినాయి. తేదీల్లేవు, ఒకటి, రెండు, మూడు అని వట్టి నంబర్లే. మొత్తం నాలుగు వేలకి పైన. ఏది అమ్మ పాటో విని తెలుసుకోవాల్సిందే.

‘నేను ఒక పది విన్నాను. పదీ నువ్వే’ అన్నాడు.

అదిరా నేను మాయమైన కథ. పెళ్ళికి వారం ఉండాది. పొద్దున లేస్తానే కొట్లో కూర్చుని నన్ను నేను వినడం. చేజర్లలో ఒక గృహప్రవేశానికి దారి చెప్తా ఏడు నిమిషాలు మాట్లాడి, ఆఖర్న ‘ఎందుకొచ్చింది, ఫోన్ చేసి చెప్తాలే’ అన్నా. ఇంకోదాంట్లో, వాయిస్‌లు చిన్నగా పెట్టమని మాలకొండయ్యకి తొమ్మిది నిమిషాలు బుద్ధి చెప్పినా. ఒక దాంట్లో నాలుగు నిమిషాలు వట్టి గురక. ఎవరికి పంపినానో, వాళ్ళు ఏమనుకున్నారో! ప్రతి దాంట్లో ‘అదేందంటే’, ‘అసలు సంగతేందంటే’. సంగతి మాత్రం వచ్చేది కాదు. ఇన్నేళ్ళు వింటా మీరు ఒక్కరన్నా చెప్పొద్దా నాకు? స్నేహితులేనా మీరు?

మూడు రోజులు చూసి వసంత సగం తన ఫోన్లో వేయించుకునింది. కూర తాలింపు పెడతా ఒకటి వినింది, రెండు వినింది. ‘ఇరవై ఆరేళ్ళు నేరుగా విన్నా. మళ్ళీ రికార్డింగు కూడానా’ అనింది. అనిందే గానీ వినడం ఆపలా. పెళ్ళికూతుర్ని చేసే ముందు రోజు మధ్యాహ్నం, బట్టలు ఆరేస్తా ఉన్నట్టుండి ఆగిపోయింది. పిలవలా, చెయ్యి మాత్రం ఊపింది.

అమ్మ గొంతు.

కానీ ముందుండేది నా గొంతు. ఎర్ర చుక్క వచ్చిందా లేదా అంటా, ఈ పాట చాలా పాతదంటా, మా అవ్వ పేరు, ఊరు, ఆ రోజు వారం, వర్జ్యం, అన్నీ చెప్పినా. అమ్మ పాట ఎత్తుకుంది. ‘అమ్మా, ఫోన్ దగ్గరగా’ అన్నా. మళ్ళీ ఎత్తుకుంది. ‘ఆ మాటకి అర్థమేంది’ అన్నా. అప్పుడు మా అమ్మ, చాలా నిదానంగా:

‘ఒరే సుబ్బా, నువ్వు కాసేపు నోరు మూసుకుంటే నేను పాడతా.’

ఆ తర్వాత పాట. మొత్తం. ఒక్క చరణం పోలేదు.

ముందు భాగం కత్తిరించి పాట మాత్రం పంపిస్తానని సరోజకి చెప్పినా. కత్తిరించినావంటే పెళ్ళికి రావద్దు, అమ్మ మాట్లాడింది అదొక్కటే ఉండాది అనింది. ఉదయగిరిలో, బంధువులందరి ముందర, మైక్ సెట్‌లో పెట్టినారు. అమ్మ ఆ మాట అనంగానే పందిరంతా నవ్వులు. పీట మీద బుజ్జి పొట్ట పట్టుకుని నవ్వింది. పాట మొదలయింది. మూడో చరణానికి సరోజ చేతిలో నలుగు పిండి అట్నే ఉండిపోయింది, కళ్ళు తుడుచుకునేదానికి చెయ్యి ఖాళీ లేదు. నేనే నా కండువాతో తుడిచినా. ఏమీ మాట్లాడలా నేను. నిజం, వసంతనడగండి.

అంతటితో అయిపోతే బాగుండు. బుజ్జి అత్తారింటికి పోయే ముందు అమ్మ నన్ను నోరు మూసుకోమన్న ఆ ఒక్క ముక్క కోసి మా ఇంటి గ్రూపులో పెట్టింది. ఇప్పుడు నేను ఆడ ఏ వాయిస్ పెట్టినా బదులుగా మా అమ్మే వస్తా ఉండాది. పెళ్ళయి పట్టుమని నాలుగు రోజులు కాలేదు, మా కొత్త అల్లుడు కూడా పెట్టినాడు! అందుకే ఈ గ్రూపులోకి వచ్చి, కడుపులో ఉండేదంతా చెప్పుకుంటా ఉండా. మీ కాడ ఆ ముక్క లేదు గదా. అసలు సంగతేందంటే, ఆ డ్రైవ్ కంపెనీవాడు ఆ బొక్కకి మూత...

ఉండండి, ఒక్క నిమిషం. వంటింట్లోంచి అమ్మ గొంతు వినపడతా ఉండాది. వసంత పెట్టింది.

సరేరా, ఉంటా.