పొట్టు గొట్టానికి మూడు వంపులు

నేను ఊళ్లో లేని సమయంలో, నన్ను ఒక్క మాటైనా అడక్కుండా, నా వర్క్‌షాపులో తిన్నగా పోవాల్సిన పొట్టు గొట్టాన్ని మూడు చోట్ల వంచారు. వంచింది పరాయివాళ్లు కారు, మా ఆవిడకు సొంత అన్నగారు. కారణం వాస్తు అన్నారు.

వర్క్‌షాపంటే పెద్దగా ఊహించుకోవద్దు. తెనాలిలో మా ఇంటి వెనక ఒక రేకుల గది. నేను ఐదో తరగతితో బడి మానేసి రేపల్లెలో ఒక రైసుమిల్లులో ఫిట్టరు దగ్గర చేరినవాణ్ణి. ఆ పైన చదివిందంతా లైబ్రరీ బల్లల మీద, అడిగి తెచ్చుకున్న పుస్తకాల్లో. మిల్లు పని మానేశాక చెక్కపని మీదికి మనసు పోయింది. పడగొట్టిన ఇళ్ల తలుపులు, తాటి దూలాలు కొని తెచ్చి పీటలు, అరలు, చిన్న బల్లలు చేసి చుట్టాలకు ఇస్తుంటాను. గదిలో తూర్పు గోడ వెంట ఒక రంపపు బల్ల, ఒక చిత్రిక మిషను ఉన్నాయి. ఉత్తరం వైపు, ఈశాన్యం మూలకు దగ్గరగా, వంటింటివైపు తెరుచుకునే గుమ్మం ఉంది. ఆ గుమ్మంలో మా ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

కూర్చుని పేపరు చదువుతుంది. పైకే చదువుతుంది. నేను చెక్క మీద పని చేస్తూ ఆ పేపరుతో పోట్లాడుతుంటాను. కాలవ పూడిక తీశామని ఎవరైనా అన్నారని ఆమె చదివితే, ఏ కాలవ, ఎప్పుడు తీశారు, ముందు తీసిన మట్టి గట్టు మీదే వదిలేస్తే మళ్లీ కాలవలోకే జారలేదా అని నేను అందుకుంటాను. "నన్నెందుకు అడుగుతారండీ, నేను తియ్యలేదు పూడిక," అంటుంది. మాకు సినిమా అయినా షికారు అయినా అదే.

రెండేళ్లుగా ఆమెకు దగ్గు పట్టుకుంది. మందులు వాడుతుంటే తగ్గుతుంది, గుమ్మంలో కూర్చుంటే మళ్లీ వస్తుంది. డాక్టరుగారు ఛాతీ పరీక్ష చేసి, నా చొక్కా మీదున్న పొట్టు చూసి, "ఈ గాలి ఆవిడకు పడదండి. ఆవిడ ఆ గది దగ్గరికి రావడమైనా మానాలి, మీరు పొట్టు లేపడమైనా మానాలి," అన్నారు. రెండూ మానకుండా ఉండే దారి వెతికాను. డస్ట్ కలెక్టర్ అని ఉంటుంది. మిషను దగ్గర పుట్టిన పొట్టును అక్కడికక్కడే ఫ్యానుతో లాగి, గొట్టం గుండా డ్రమ్ములోకి పంపిస్తుంది. కొన్నాను. తూర్పు గోడ వెంట గొట్టం ఎక్కడా మలుపు లేకుండా పోయి, ఈశాన్యం మూల ఫ్యాను, డ్రమ్ము ఉండేలా సుద్దముక్కతో గీతలు గీసి పెట్టాను.

ఇంతలో నా కంటి ఆపరేషను వచ్చింది. రేపల్లెలో మా చెల్లెలు తన దగ్గరే ఉండి చేయించుకోమంది. తెనాలి ఇంట్లో తన చెల్లెలికి, అంటే మా ఆవిడకు, తోడుగా ఉంటానని మా బావగారు బాపట్ల నుంచి దిగారు. నేను నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చేసరికి గొట్టం తూర్పు గోడ మీద పైకి లేచి, కప్పు కింద పడమరకు తిరిగి, వాయవ్యం మూల కిందికి దిగి ఉంది. లేచేచోట ఒక ఎల్బో, తిరిగేచోట ఒకటి, దిగేచోట ఒకటి. నీళ్ల పైపులకు వేసే ఎల్బోలు, మోచెయ్యి మడిచినట్టు ఉన్నాయి. బావగారు అప్పటికే బాపట్ల వెళ్లిపోయారు. ఫోను చేశాను.

"ఎవర్ని అడిగి వంచావు బావా?"

"ఈశాన్యంలో చెత్త డబ్బా పెట్టుకునేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను బావా."

"అది చెత్త డబ్బా కాదయ్యా, మిషను."

"లోపలేం పడుద్ది?"

"పొట్టు."

"మరి?"

"ఆ మరి సంగతి తర్వాత. ఎవర్ని అడిగావో చెప్పు."

"కన్ను జాగర్త. చుక్కలు వేసుకుంటున్నావా?" అని పెట్టేశారు.

మనిషి మంచివాడే. చెల్లెలికి దగ్గు వచ్చిందంటే కర్లపాలెం వైపు తోటల నుంచి తేనె తెప్పించి మోసుకొచ్చినవాడు. మంచివాడైతే మాత్రం నా గొట్టం వంచొచ్చా?

వారం తిరక్కుండానే గొట్టం మూసుకుపోయింది. తాటి దూలానికి చిత్రిక పడుతున్నాను. తాటిచెక్కలో గుర్రపు వెంట్రుకల్లాంటి నార ఉంటుంది. ఉన్నట్టుండి మిషను నోట్లోంచి పొట్టు వెనక్కి చిమ్మి గదంతా పొగలా కమ్మింది. గుమ్మంలో ఆమె పేపరు వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఆ రోజంతా దగ్గింది. మర్నాడు కుర్చీ తీసుకెళ్లి వీధి వరండాలో వేసుకుంది. పేపరు అక్కడే, మనసులోనే చదువుకుంది. నాకు పోట్లాడ్డానికి ఏమీ లేకుండా పోయింది.

"దుమ్ము రాకుండా చేస్తాను, వస్తావా?" అన్నాను.

"చెయ్యండి చూద్దాం," అంది.

గొట్టం విప్పాను. వేలి కణుపుతో కొట్టుకుంటూ పోతే ఖాళీగా ఉన్నచోట టంగుమంటుంది, నిండినచోట మట్టికుండలా మొద్దుగా పలుకుతుంది. మూడు ఎల్బోలూ మొద్దుగానే పలికాయి. లోపల చూస్తే ఇంకో ఘోరం. గొట్టం ఊడకుండా అతుకుల దగ్గర బావగారు పిలిపించిన ఫిట్టరు స్క్రూలు బిగించాడు. వాటి మొనలు లోపలికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక్క నారపోగు ఆ మొనకు చిక్కుకుంటే చాలు, దాని మీద చిత్రిక పొట్టు వాలుతుంది, దాని మీద రంపపు పొట్టు మెత్తుకుంటుంది. పిచ్చుక గూడు కట్టినట్టు తయారైంది.

నాకు మిల్లు గుర్తొచ్చింది. రేపల్లె మిల్లులో ఊక బయటికి చిమ్మే గొట్టం ఉండేది. గోడ దాటేచోట తిరిగేది గానీ, ఎక్కడ తిరిగిందో చెయ్యి పెట్టి చూపించలేం. ఏనుగు తొండం తిరిగినట్టు తిరిగేది. తొండానికి మోచెయ్యి ఉండదు. మా ఫిట్టరు ఆ గొట్టం కింద నిలబడి చెవి ఆనించి, "గలగలమంటుందా? అట్టా అన్నంతసేపూ అన్నం తింటాం," అనేవాడు. అరవై ఏళ్ల కిందటి మాట, ఇప్పటికీ చెవిలో ఉంది.

డ్రమ్మును ఈశాన్యానికి తెచ్చి పడెయ్యాలనే అనిపించింది. కానీ కొత్తగా ఆపరేషనైన కంటితో బరువులు ఎత్తొద్దన్నారు. అందుకని ఉన్నదాన్ని బాగుచెయ్యడానికి కూర్చున్నాను. ఒక్కో ఎల్బో తీసి, దాని బదులు నలభై అయిదు డిగ్రీల బెండ్లు రెండు, వాటి మధ్య జానెడు తిన్నని ముక్క వేశాను. స్క్రూలన్నీ పీకేసి, బయటినుంచి చుట్టూ పట్టే క్లాంపులు బిగించాను. మలుపు మలుపుకూ చెయ్యి పట్టేంత మూత పెట్టాను, అడ్డం పడితే విప్పే పని లేకుండా. రెండు మిషన్లకూ గొట్టం మొదట్లో తలుపు రేకులు పెట్టి, పనిచేస్తున్నదాని తలుపే తెరవడం మొదలుపెట్టాను. రెండూ తెరిచి ఉంటే గాలి చీలిపోయి దేనికీ బలం చాలదు. తాటిచెక్క పట్టినప్పుడు చిత్రిక లోతు తగ్గించాను. డ్రమ్ము గొంతుదాకా నిండనివ్వకుండా, ముప్పాతిక కాగానే కుమ్మరించాను.

ఆమె కుర్చీ వంటింటి దాకా వచ్చింది. తర్వాత గుమ్మానికి వచ్చింది. పేపరు మళ్లీ మొదలైంది. మొదటి రోజు కూరగాయల ధరలు చదివింది. ఆ రోజు ఆ ధరల మీద నేను కోప్పడ్డంత ఆనందంగా ఎప్పుడూ కోప్పడలేదు.

అయినా అప్పుడప్పుడూ గొట్టం మూసుకుపోతూనే ఉంది. నార పట్టుకోవడానికి లోపల ఏమీ లేదు, మలుపులు మెత్తగా ఉన్నాయి, అయినా పైకి లేచేచోట, కింది మలుపులో పొట్టు గుట్టపడుతోంది. ఏమిటి చెప్మా అని ఒకరోజు నా పని నేనే గమనించుకుంటూ చేశాను. చెక్క సగంలో ఉండగా ఆమె, "ఇది విన్నారా?" అంది. నేను టక్కున మిషనూ, ఫ్యానూ రెండూ ఆపి, "ఏంటి?" అన్నాను. అదీ సంగతి. ఆమె నోరు విప్పినప్పుడల్లా నేను గాలి ఆపేస్తున్నాను. నిలువు గొట్టంలో సగం దూరం ఎక్కిన పొట్టు గాలి పోగానే జారి కింది మలుపులో కూర్చుంటోంది. ఆమె రోజుకు ఎన్నిసార్లు పిలుస్తుందో అన్ని పొరలు.

"ఇకమీదట నువ్వు మాట్లాడితే చెక్క ఆపుతాను గానీ గాలి ఆపను. గొట్టం కడుపు ఖాళీ అయ్యేదాకా తిరగనిస్తాను," అన్నాను.

"అంటే ఇన్నాళ్లూ నా మాటలే అడ్డం పడ్డాయంటారు?"

"నేనట్టా అనలేదు."

"అన్నారు. బాగానే అన్నారు," అని నవ్వింది.

ఆ తర్వాత గొట్టం మూసుకుపోలేదు. ఫ్యాను వాయవ్యం మూల హోరుమంటున్నా, ఈ చివర ఆమె చదివేది నాకు వినపడుతోంది, నేను తిట్టేది ఆమెకు వినపడుతోంది. దగ్గు తగ్గింది. బాగానే ఉంది గదా అని ఎవరైనా ఊరుకుంటారు. నేను ఊరుకోలేకపోయాను. గీత గీసిపెట్టినదాన్ని చెరిపేసి, వాస్తు పేరు చెప్పి ఇంత పని చేయించినవాడు ఇప్పటిదాకా నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఫోను చేస్తే కన్ను సంగతి, వరి సంగతి, వాడరేవులో చేపల సంగతి. ఆ ఒక్కటి తప్ప అన్నీ చెబుతాడు.

కంటి డాక్టరు బరువులు ఎత్తొచ్చన్న రోజునే నిర్ణయించుకున్నాను. డ్రమ్మును ఈశాన్యానికి మార్చి, గొట్టం నేను గీసినట్టే వేయిస్తాను. ఆ మాట ముఖం మీద చెప్పాలని పొద్దున్నే ప్యాసింజరెక్కి బాపట్లలో దిగాను. బావగారు వరండాలో బనీనుతో కూర్చుని టీ తాగుతున్నారు. నాకూ ఒక గ్లాసు వచ్చింది. ముట్టుకోలేదు.

"రేపు ఫిట్టరొస్తున్నాడు బావా. డ్రమ్ము ఈశాన్యంలో పెట్టిస్తున్నాను. నీ వాస్తు నీ ఇంట్లో పెట్టుకో."

"ఇప్పుడు బాగానే పనిచేస్తోందంట గదా?"

"పనిచేస్తోంది. అయినా మారుస్తాను. నా గది, నా గొట్టం. ఎవర్ని అడిగి వంచావని ఎన్నాళ్లనుంచి అడుగుతున్నాను? ఇవాళ కూడా చెప్పకపోతే ఇక నీ గడప తొక్కను."

బావగారు లోపలివైపు ఒకసారి చూశారు. టీ గ్లాసు కింద పెట్టారు. బనీను అంచుతో మూతి తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టి, గొంతు తగ్గించి అన్నారు:

"మార్చకు బావా. నేనెవర్నీ అడగలా, చెల్లెలే నన్నడిగింది. 'ఈమధ్య నాకో చెవి సరిగ్గా వినపట్టంలేదన్నయ్యా, ఆ ఫ్యాను నా కుర్చీ పక్కనే మోగితే ఆయన మాట ఒక్కటీ వినపడదు, అవతల మూలకి పెట్టించు. ఆయనకి మాత్రం చెప్పమాక, తెలిస్తే నా కోసం కొన్నదాన్ని నా కోసమే పీకి పారేస్తారు,' అంది. వాస్తని చెబితే నువ్వు నన్ను నాలుగు తిట్టి ఊరుకుంటావనుకున్నా."