మరీ మెరిసిన నాణెం

ఆ వీధిలో ఆయన్ని అందరూ సెకన్ల ముల్లు అనేవారు. గడియారాలు బాగుచేసే మనిషి కావడం ఒక కారణం, ఒక్కచోట కుదురుగా ఉండకపోవడం రెండోది. కుదురుగా కూర్చునేది పనిబల్ల ముందే. నలభై ఏళ్లు కంటికి భూతద్దం తగిలించుకుని చీమ తలంత మరలు బిగించాడు. పోయినేడాది కుడిచెయ్యి వణకడం మొదలైంది. పట్టకారులోంచి మర జారిపోవడం, దానికోసం ఆయన నేలంతా దేవులాడటం రోజువారీ తంతు అయ్యాక కొట్టు మూసేశాడు.

ఇంట్లో కూర్చున్న మగవాడు ఏం చేస్తాడు? పెళ్లాం పనిలో వేలు పెడతాడు. పాలు పొంగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్క చెప్పడం మొదలెట్టేసరికి ఆవిడకు ప్రాణం విసిగింది. కొట్టు నుంచి తెచ్చిన సామాను సర్దుతూ ఒక రేకుడబ్బా తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇవేంటో చూడండి. ఉంచాలో పారేయాలో చెప్పండి."

కుర్రతనంలో పోగేసి మరిచిపోయిన పాత నాణేలవి. భూతద్దం మళ్లీ కంటికెక్కింది. నాణెం బల్లమీద ఉంటే చాలు, చెయ్యి వణికితే దానికేం నొప్పి? ఏ ఏటిది, ఏ రాజు బొమ్మ, చెవి పైన జుట్టు పాయలు నిలిచాయా, కనుబొమ్మ అరిగిందా అని ఒక్కోదాన్నీ తేల్చాడు. ఎత్తుగా ఉన్నచోట ముందు అరుగుతుంది, ఆ అరుగుదలను బట్టే గ్రేడు, గ్రేడును బట్టే ధర. ఆయన చెబుతుంటే ఆవిడ చిన్న కవర్ల మీద రాసింది.

"ఈ రాజుగారి జుట్టు మీకన్నా నయం" అందొకసారి. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వాడు.

ఒక్క వెండి నాణెం కవరు మీద మాత్రం ఏమీ రాయించలేదు. వాచీ కేసులు మెరిపించే అలవాటు కొద్దీ, దాన్ని ఎప్పుడో తనే తళతళలాడేలా తోమేశాడు. తోమిన నాణేనికి విలువ పోతుందని అప్పుడు తెలియదు. ఇప్పుడు ఆ మాట పైకి అనడానికి నామోషీ.

మార్కెట్ వీధిలో నాణేల షాపు నడిపే అమ్మాయి, పాత నాణేలు గ్రేడు చేసే మనిషి కోసం వెతుకుతోందని తెలిసింది. ఆ పని దొరికితే తను ఇంకా పనికొచ్చే మనిషే. దొరక్కపోతే ఏమిటో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు. భార్యను వెంటబెట్టుకుని, కవర్లు తీసుకుని వెళ్లాడు.

ఆ అమ్మాయి ముందు ఆయన చెయ్యి చూసింది. మొహంలో ఉత్సాహం తగ్గింది. అయినా కవర్లు ఒక్కొక్కటే విప్పింది. వెండి నాణెం దగ్గర ఆగి, "దీనికి గ్రేడు రాయలేదేం బాబాయిగారూ? అన్నిటికన్నా పై గ్రేడు ఇదేగా" అంది.

ఊఁ అంటే సరిపోతుంది. కాదంటే, నాణేన్ని పాడుచేసిన మనిషినే కాక, పని ఇచ్చేవాళ్లను తప్పుబట్టిన మనిషిని కూడా అవుతాను. అనుకుంటూనే ఆయన నాణేన్ని దీపం వైపు జరిపాడు.

"కాదమ్మా. దాన్ని నేనే తోమాను. దీపం కింద కాస్త వాల్చి చూడు, సన్నటి గీతలన్నీ ఒకే వైపుకుంటాయి."

ఆమె వాల్చి చూసింది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

"నేను గమనించనే లేదు" అంది.

లేచి అద్దాల బీరువాలోంచి ఒక పళ్లెం తెచ్చింది. పై గ్రేడని తను అమ్మకానికి పెట్టిన నాణేలవి. బల్లమీద మందపాటి గుడ్డ పరిచి వాటిని ఆయన ముందుకు జరిపింది.

"ఇవి కూడా చూడండి. చెయ్యి వణికితే వణకనివ్వండి, గుడ్డ మీదేగా పడతాయి."

మూడోదాని దగ్గర ఆయన ఆగాడు.

"దీన్నీ ఎవరో తోమారమ్మా."

ఆమె పెన్ను తీసి దాని చీటీ మీది గ్రేడు కొట్టేసింది.

"రేపట్నుంచి ఎన్నింటికి రాగలరు?"

ఊరందరి టైమూ సరిచేసిన మనిషి గోడ గడియారం వైపు చూశాడు. భార్యే అందుకుంది.

"నువ్వు పదింటికి తీస్తావు కదమ్మా. తొమ్మిదికే వచ్చి నీ గుమ్మంలో నిలబడతారు, చూస్కో."