పక్క మగ్గం రంగులు

మా వదిన దాచుకున్నవన్నీ పనికిరాని గుడ్డపేలికలని మొదట్లో అన్నదాన్ని నేనే. మా ఆయనకు స్వయానా అక్క కదా, ఎదురుగా అనే ధైర్యం లేక వంటింట్లో గిన్నెలతో చెప్పుకునేదాన్ని. నేను కాపురానికి వచ్చేసరికే ముందుగదిలో గోడ పొడవునా ఆవిడ చెక్క బీరువాలు బారులు తీరి ఉండేవి. నా పెట్టె ఎక్కడ పెట్టుకోను వదినా అని అడిగితే, "మంచం కింద ఖాళీయేగా" అంది. ఆ పెట్టె ఇప్పటికీ అక్కడే ఉంది.

వదిన బట్టల మిల్లులో, మడతల గదిలో పనిచేసింది. మగ్గం మీంచి కోసిన తాను ఆమె బల్ల మీదికి వచ్చేది. పొడవు కొలవడం, లోపాలు పట్టుకోవడం, మడతపెట్టి పైన మిల్లు బొమ్మ కాగితం అతికించడం ఆమె పని. మిల్లు మూతపడినప్పుడు అందరూ కొత్త పని కోసం కాళ్ళరిగేలా తిరుగుతుంటే, ఈవిడ మాత్రం గోదాము వెనక చెత్తలో బొమ్మ కాగితాలు ఏరుకుంటూ కూర్చుంది. రైలింజను బొమ్మ, జంట నెమళ్ళు, గొడుగు పట్టుకున్న అమ్మాయి. ఆ కాగితాలతో ఒక బీరువా నిండింది. ఇంకోదాంట్లో రంగుల నమూనా అట్టలు, గేటు దగ్గర చూపించే ఇత్తడి బిళ్ళలు, మగ్గంలో అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే, చేతులు తగిలి తగిలి నున్నబడ్డ నాడెలు. వాటి మీద నాకూ మోజు లేకపోలేదు. ఆ నెమళ్ళ నీలిరంగు ఇప్పటి అచ్చులో ఎక్కడా కనపడదు.

నాకు ఒళ్ళు మండేది మూడో బీరువా చూస్తేనే. అందులో ఉన్నవన్నీ బొటనవేలంత వెడల్పు తెల్ల పేలికలు, మధ్యలో రెండు మూడు రంగు పోగులు. ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేదట. తాను పూర్తికాగానే నేతపనివాడు చివర తన రంగుల పోగులు కొన్ని వేసేవాడు. ఒకరిది ఎరుపూ పసుపూ, ఒకరిది రెండు నీలాల మధ్య ఆకుపచ్చ. ఆ తాను ఎవరు నేసిందో మడతల గదిలో ఆ రంగుల్ని బట్టి రాసుకుని, ఆ కొస కత్తిరించి పారేసేవాళ్ళు. వదిన మాత్రం తన బల్ల మీద తెగిన ప్రతి కొసనూ ఇంటికి తెచ్చి, ఎవరివి వాళ్ళకు కట్టలు కట్టి దాచింది. ఎవరిదో చూపించి అడిగితే కట్ట విప్పకుండానే మనిషిని చెప్పేది, వాడి నడకతో సహా. వీధిలో వాళ్ళు ఆవిడను పేలికల వదిన అని వెక్కిరించేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని కానీ, లోలోపల ఆ జ్ఞాపకశక్తికి దండం పెట్టుకునేదాన్ని.

మొన్నామధ్య మా పేట గ్రంథాలయంలో వదిన బీరువాల్లోని సరుకు కొంత బల్లల మీద పరిచి చూపించారు. అది చూసినావిడ ఒకరు ఆ తర్వాత మా ఇంటికి వచ్చింది. యాభై దాటి ఉంటుంది. ఎవరి తాలూకో చెప్పగానే వదిన మొహం విచ్చుకుంది.

"ఈలాయన కూతురివా! మగ్గాల మోతలో పక్కవాడి కేకే వినపడదు. మీ నాన్న అందులో కూడా ఈల వేస్తూ ఉండేవాడమ్మా. ఎవరికోసమో ఆ దేవుడికే తెలియాలి."

ఆవిడ నవ్వలేదు. "ఒక్క సంగతి తెలుసుకుందామని వచ్చానమ్మా. మా నాన్న పని దొంగ అని మా అమ్మ జీవితమంతా తిట్టింది. అందరికంటే తక్కువ నేసేవాడట. అందరిలో తలెత్తుకోలేకపోయేదాన్నని ఇప్పటికీ అంటుంది. అదిగో, బయట ఆటోలో కూర్చుంది, ఆయన గుడ్డ చూడటానికి నేనెందుకు దిగాలి అని. అది నిజమో కాదో మీ దగ్గర తేలుతుందని వచ్చాను."

వదిన మూడో బీరువా తెరిచి ఈలాయన కట్ట బల్ల మీద పెట్టింది. వంకాయరంగు పోగులు రెండు, నడుమ తెలుపు. పక్కన అదే వరసలో పనిచేసినవాళ్ళ కట్టలు లావుగా ఉన్నాయి. ఈలాయనది వాటిలో సగం కూడా లేదు. చూడగానే కూతురి మొహం చిన్నబోయింది.

"అయితే అమ్మ చెప్పింది నిజమే" అంది.

నాకు ప్రాణం ఉసూరుమంది. వదినను వంటింట్లోకి లాక్కెళ్ళాను. "వేరే వాళ్ళవి నాలుగు కలిపి చూపిస్తే మీ సొమ్మేం పోయింది? ఆ మనిషి ప్రశాంతంగా ఇంటికి వెళ్తుంది కదా."

"రేపు ఆ నాలుగూ ఎవరివో వాళ్ళ పిల్లలు వస్తే?" అంది వదిన. తర్వాత నా వంక చూడకుండా, "అది కాదే. చెప్పొచ్చా లేదా అని ఆలోచిస్తున్నాను. చెప్పనని మాటిచ్చాను. ఇప్పుడు ఇద్దరూ పోయారనుకో" అని ముందుగదిలోకి వెళ్ళిపోయింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

వెళ్ళి అన్నింటికంటే లావుగా ఉన్న కట్ట విప్పింది. నారింజ, నలుపు పోగులు. ఈలాయన పక్క మగ్గం మీద పనిచేసినాయనవి. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఒక్కో పేలిక చివర అంచును బొటనవేలితో తడుముతూ రెండు కుప్పలు చేసింది.

"మీ నాన్నకొక పాడు అలవాటు ఉండేదమ్మా" అంది. "నాడెలో దారాన్ని ఒక పిసరు బిగువుగా పెట్టేవాడు. దాంతో అంచు లోపలికి గుంజుకునేది. మేస్త్రీ ఎంత గొంతు చించుకున్నా మానలేదు. ఇదిగో, నువ్వే చూడు. ఇది పక్కాయన నేసింది, అంచు తిన్నగా ఉంటుంది. ఇది కూడా పక్కాయన రంగులే. కానీ అంచు చూడు."

ఆవిడ తడిమి చూసింది. నేనూ చూశాను. తేడా స్పష్టంగా తెలుస్తోంది.

"పక్కాయనకు దగ్గు పట్టుకుంది. రోజూ కాసేపు నిలబడేసరికి ఆయాసం. జబ్బు మనిషికి తానులు తగ్గితే తీసేస్తారు, ఇంట్లో చంటిపిల్లలు. మీ నాన్న తను నేసిన తానుల్లో కొన్నింటికి ఆ రంగులు వేసి పంపేవాడు. ఈ అంచు ఎవరిదో నాకు తెలియదా? ఓ రోజు నా బల్ల దగ్గరకొచ్చి, నోరు మెదపకమ్మా అన్నాడు. మెదపలేదు. ఇదిగో, ఈ కుప్ప మొత్తం మీ నాన్నదే."

ఆవిడ కుర్చీలోంచి లేచి గుమ్మం దాటి ఆటో దగ్గరకు పరిగెత్తినంత పని చేసింది. కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉంది. ఆమె వంగి చాలాసేపు ఏదో చెప్పింది. పెద్దావిడ కదల్లేదు. ఆ తర్వాత ఊతకర్ర ముందు బయటికి వచ్చింది.

లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా బల్ల దగ్గరే నిలబడింది. వదిన ఆమె వేలు పట్టుకుని అంచు మీద నడిపించింది. ఒకటి, రెండు, అలా చాలా పేలికలు.

"మీకు అప్పుడే తెలుసా?" అంది పెద్దావిడ.

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఎవరితోనైనా అంటే ఇద్దరి పనీ పోతుందని ఆయన భయం."

"అనేదాన్నే" అంది పెద్దావిడ. "నా నోరు ఆయనకు బాగా తెలుసు."

నాకు దుఃఖం ఆగలేదు, పైటకొంగు అడ్డం పెట్టుకున్నాను. వదిన తేరుకుని, ఈలాయన వంకాయరంగు పోగుల కట్టలోంచి ఒకటి తీసి, "తీసుకెళ్ళండి, ఆయన గుర్తు" అని అందించింది.

పెద్దావిడ దాన్ని పక్కకు జరిపింది. "అది కాదమ్మా. ఇంట్లో ఆయన ఫొటో అయినా లేదు, ఎదురుగా కూర్చుని తప్పయిందని చెప్పుకోవడానికి. ఆ పక్కాయన రంగులు వేసి ఆయన నేసింది ఇవ్వండి."

వదిన కుప్పంతా మళ్ళీ తడిమి, అంచు బాగా గుంజుకుపోయిన పేలిక ఒకటి ఏరి ఆవిడ చేతిలో పెట్టింది.